డేటాబేస్ పనితీరు గణాంకాల సేకరణ : ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు
• డేటాబేస్‌లో 'గణాంకాలు' అనే మాటకు ఉన్న రెండు వేరువేరు అర్థాలను గుర్తించగలుగుతారు.
• బఫర్ హిట్ నిష్పత్తి, సగటు స్పందన కాలం అనే కొలమానాల లోపాలను లెక్క వేసి చూపగలుగుతారు.
• వేచి ఉండే కాలాన్ని కొలిచే పద్ధతి బలాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• ఒక గణాంకాన్ని చూసినప్పుడు అది ఎవరి వైపు నుంచి సేకరించినదో ప్రశ్నించగలుగుతారు.

7.1 పరిచయం

రిలేషనల్ డేటాబేస్‌లో పట్టికలు, ఇండెక్సులు, లావాదేవీలు ఎలా పనిచేస్తాయో ఇంతకు ముందు భాగాలలో తెలుసుకొన్నారు. అవి ఎంత బాగా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి సేకరించే అంకెలను ఈ భాగంలో పరిశీలిద్దాం. ఏ ఆదేశం ఇస్తే ఏ అంకె వస్తుందో చెప్పడం ఈ భాగం ముఖ్యోద్దేశం కాదు. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో విచారించడమే దీని ఉద్దేశం.

ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. అద్దంకి దగ్గరి పల్లె నుంచి ఒక రైతు వచ్చారు. మిరప పంటకు పెట్టుబడి కావాలి. పొలం తనఖా పెట్టుకోవడానికి బ్యాంకువారు ఈసీ, అంటే ఆ భూమి మీద ఏయే లావాదేవీలు జరిగాయో తెలిపే ధ్రువపత్రం అడిగారు. ఆయన కౌంటరు ముందు నిలబడ్డారు. సర్వే నంబరు టైపు చేసిన ఉద్యోగి తెర వైపు చూస్తూ "సర్వర్ స్లోగా ఉందండీ" అన్నారు. సరిగ్గా అదే సమయంలో ఎక్కడో దూరంగా ఉన్న డేటాసెంటర్‌లో నిర్వాహకుని తెర మీద సగటు స్పందన కాలం 0.3 సెకను అనీ, బఫర్ హిట్ నిష్పత్తి 99 శాతం అనీ కనిపిస్తున్నాయి. ఆయన దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది.

ఇక్కడ ఉద్యోగి అబద్ధం చెప్పలేదు. నిర్వాహకుని తెర కూడా అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ చెప్పినవి నిజాలే అయినప్పుడు తప్పు కొలిచిన చోటులో ఉండాలి. పనితీరును పని కోసం వేచి ఉన్నవారి వైపు నుంచి కొలవాలి. యంత్రం వైపు నుంచి మాత్రమే కొలిస్తే, నిజమైన అంకెలే తప్పు నిర్ణయాలకు దారితీస్తాయి. ఈ భాగంలో మనం చేసే వాదన ఇదే.

7.2 ఒకే పేరు, రెండు పనులు

ముందుగా ఒక గందరగోళాన్ని తొలగించుకొందాం. డేటాబేస్ పుస్తకాలలో 'గణాంకాలు' అనే మాట రెండు అర్థాలలో వస్తుంది.

మొదటిది డేటా స్వరూపాన్ని తెలిపే గణాంకాలు. 1970లో ఇ.ఎఫ్. కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడు దానిలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. వినియోగదారు ఏమి కావాలో చెబితే చాలు, దాన్ని ఎలా వెతికి తేవాలో డేటాబేస్ చూసుకొంటుంది. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఏ పట్టికలో ఎన్ని అడ్డువరసలున్నాయో, ఒక కాలమ్‌లో ఎన్ని వేరువేరు విలువలున్నాయో డేటాబేస్‌కు తెలియాలి. ఐబీఎం సంస్థ సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పనిచేసిన పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ప్రచురించిన పరిశోధనా పత్రం దీనికి మార్గం చూపింది. గణాంకాల ఆధారంగా ఒక్కో మార్గానికి అయ్యే ఖర్చును లెక్కగట్టి, తక్కువ ఖర్చు మార్గాన్ని ఎన్నుకోవడం ఆ పద్ధతి. గణాంకం దొరకని చోట ఏమి చేయాలో కూడా అందులో ఉంది: సమానత్వ షరతు అయితే పట్టికలో పదో వంతు అడ్డువరసలు సరిపోతాయని ఊహించుకోవాలి. అంటే తెలియనిచోట ఒక ఊహ. ఆ ఊహ తప్పితే మార్గం తప్పుతుంది.

రెండవది పని ఎలా నడుస్తున్నదో తెలిపే గణాంకాలు. ఒక క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంతకాలం తీసుకొంది, ఎన్ని బ్లాకులు చదివింది, దేని కోసం ఆగింది అనేవి ఇందులోకి వస్తాయి. ఈ భాగానికి ప్రధాన విషయం ఇదే. అయితే మొదటి రకం పాతబడితే రెండవ రకం అంకెలు చెడిపోతాయి. అందువల్ల రెంటి మధ్య సంబంధాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

అద్దంకి ప్రకాశం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో అది కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఇప్పుడు 10,00,000 అడ్డువరసలున్న ఒక పట్టికలో 'జిల్లా' అనే కాలమ్ ఉందనుకోండి. మొదటి విడతగా అద్దంకి ప్రాంతానికి చెందిన 40,000 అడ్డువరసలలో ప్రకాశం బదులు బాపట్ల అని మార్చారనుకోండి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో గణాంకాలను తిరిగి సేకరించే స్వయంచాలక ఏర్పాటు ఉంది. అయితే సాధారణ అమరికలో అది పట్టికలో 10 శాతానికి మరో 50 కలిపినన్ని మార్పులు దాటితేనే కదులుతుంది. ఇక్కడ ఆ హద్దు 1,00,050. మారినవి 40,000 మాత్రమే. కాబట్టి గణాంకాలు పాతవే ఉంటాయి. వాటి ప్రకారం 'బాపట్ల' అనే జిల్లాయే లేదు. ఆ పేరుతో వెతికితే ఒకటో అరో అడ్డువరస వస్తుందని డేటాబేస్ అంచనా వేసుకొని, ఒక్క వరసకు తగిన మార్గాన్ని ఎన్నుకొంటుంది. నిజానికి వచ్చేవి 40,000. ఒక్కసారి చేయవలసిన పని 40,000 సార్లు జరుగుతుంది.

కొత్త యంత్రం కొన్నా ఈ జబ్బు తగ్గదు. పెద్ద మార్పు చేసిన వెంటనే 'ఎనలైజ్' ఆదేశం ఇస్తే చాలు. స్వయంచాలక ఏర్పాటు ఉంది కదా అని నిశ్చింతగా ఉండరాదనేది దీని నుంచి మనం గ్రహించవలసిన అంశం.

7.3 హిట్ నిష్పత్తి : అందంగా కనిపించే అంకె

డిస్క్ నుంచి చదవడం నిదానమైన పని. అందుకే డేటాబేస్ తరచు వాడే బ్లాకులను జ్ఞాపకశక్తిలో, అంటే బఫర్‌లో ఉంచుకొంటుంది. అడిగిన బ్లాకులలో ఎన్ని బఫర్‌లోనే దొరికాయో తెలిపేది హిట్ నిష్పత్తి. చాలాకాలం పాటు దీనిని ఆరోగ్యానికి గుర్తుగా చెప్పేవారు. 90 శాతం దాటితే మంచిది, 99 అయితే మరీ మంచిది అనే సూత్రం ఎన్నో శిక్షణ తరగతులలో వినిపించింది.

ఈ సూత్రాన్ని ఒక చిన్న లెక్కతో పరీక్షిద్దాం. సర్వే నంబరుతో ఈసీ వెతికే క్వెరీకి తగిన ఇండెక్స్ లేదనుకోండి. ప్రతిసారీ అది 5,00,000 బ్లాకులు చదువుతుంది. వాటిలో 500 మాత్రమే డిస్క్ నుంచి వస్తాయి. హిట్ నిష్పత్తి 99.9 శాతం. ఇప్పుడు ఇండెక్స్ చేర్చారు. అదే క్వెరీ 10 బ్లాకులు మాత్రమే చదువుతుంది. వాటిలో 2 డిస్క్ నుంచి వస్తాయి. హిట్ నిష్పత్తి 80 శాతం.

నిష్పత్తి పడిపోయింది. కాని రైతు త్వరగా ఇంటికి వెళ్లారు. సూత్రాన్ని నమ్మిన నిర్వాహకుడు ఇండెక్స్ చేర్చినందుకు కంగారుపడి జ్ఞాపకశక్తి పెంచమని ప్రతిపాదన పంపుతాడు. 5,00,000 బ్లాకులను బఫర్‌లో తిరగేయడం కూడా పనే అనీ, దానికీ ప్రాసెసర్ కాలం ఖర్చవుతుందనీ నిష్పత్తి చెప్పదు. అనవసరమైన పని ఎంత ఎక్కువ చేస్తే ఈ నిష్పత్తి అంత పెరుగుతుంది.

ఈ లోపాన్ని కొందరు నిపుణులు సూటిగానే ఎత్తిచూపారు. ఒరాకిల్ నిపుణుడు కేరీ మిల్సాప్ 99 శాతం దాటిన హిట్ నిష్పత్తి మంచికి సూచన కాదని 2001లో ఒక వ్యాసమే రాశారు. కానర్ మెక్‌డొనాల్డ్ మరో అడుగు ముందుకు వేసి, మీకు ఎంత శాతం కావాలో చెబితే అంత శాతం వచ్చేలా వ్యర్థంగా బ్లాకులు చదివే ఒక ప్రోగ్రామ్ తయారుచేశారు. అది హాస్యం కోసం చేసినట్లు కనిపించినా బలమైన విమర్శ. ఎవరికీ మేలు చేయకుండానే పెంచగలిగే అంకె ఆ మేలుకు కొలమానం కాలేదు.

అలాగని హిట్ నిష్పత్తిని పూర్తిగా పారవేయనవసరం లేదు. రోజూ 95 ఉండేది ఒక ఉదయం 60కి పడితే ఏదో మారిందని అది హెచ్చరిస్తుంది. ఏమి మారిందో, దాని వల్ల ఎవరికి నష్టమో మాత్రం అది చెప్పలేదు.

7.4 సగటు, సంచిత లెక్క

నిష్పత్తి కంటె కాలాన్ని కొలవడం మెరుగు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2009 నాటి 8.4 వెర్షన్ నుంచి 'పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్' అనే అనుబంధం ఉంది. ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంతకాలం పట్టింది అనేది అది పట్టికగా చూపుతుంది. ఇది చాలా ఉపయోగకరమైన సాధనం. దీనిని వాడేవారు మూడు చోట్ల పొరబడతారు.

మొదటిది : మీటరు రీడింగును బిల్లుగా చదవడం. ఇందులో ఉన్న లెక్క మొదటి నుంచి కూడుకొంటూ వస్తుంది. మీ ఇంటి కరెంటు మీటరు కూడా అంతే. మీటరు మీద కనిపించే అంకె ఈ నెల వాడకం కాదు. ఈ నెల రీడింగు నుంచి పోయిన నెల రీడింగు తీసివేయాలి. ఈ లెక్క చూడండి.

ఉదయం 10 గంటలకు : నడిచినవి 4,20,000, మొత్తం కాలం 84,000 సెకన్లు, సగటు 0.20 సెకను.
ఉదయం 11 గంటలకు : నడిచినవి 4,20,600, మొత్తం కాలం 85,200 సెకన్లు, సగటు 0.203 సెకను.

రెండు సగటులూ దాదాపు ఒకటే. కాని తీసివేసి చూడండి. ఆ గంటలో 600 క్వెరీలకు 1,200 సెకన్లు పట్టాయి. ఒక్కొక్కదానికి 2 సెకన్లు. అంటే పని పది రెట్లు మందగించింది. పాత రోజుల మంచి అంకెల కింద ఆ గంట కష్టం కనబడకుండా పోయింది. అందుకే రెండు వేళల్లో రీడింగు తీసుకొని తేడా చూడాలి. ఒరాకిల్‌లో స్టాట్స్‌ప్యాక్, 10జీ వెర్షన్ నుంచి ఏడబ్ల్యూఆర్ చేసే పని ఇదే. ఏడబ్ల్యూఆర్ సాధారణంగా గంటకొక రీడింగు తీసి దాచుకొంటుంది. గంటలో అయిదు నిమిషాలు మాత్రమే ఉక్కిరిబిక్కిరి అయితే ఆ గంట సగటులో అదీ కరిగిపోతుందని గుర్తుంచుకోండి.

ఏ రోజును ఏ రోజుతో పోల్చాలి అనేది మరో ప్రశ్న. మన ప్రాంతంలో రిజిస్ట్రేషన్ల రద్దీ పంచాంగాన్ని బట్టి ఉంటుంది. మంచిరోజున కార్యాలయం కిటకిటలాడుతుంది. మూఢంలోనూ ఆషాఢంలోనూ పలచబడుతుంది. నిన్న మూఢం, ఈరోజు ముహూర్తం అయినప్పుడు నిన్నటితో పోల్చి "ఈరోజు సర్వర్ చెడిపోయింది" అనడం సరికాదు. పోయిన మంచిరోజుతో ఈ మంచిరోజును పోల్చాలి. విదేశంలో తయారైన సాధనానికి మన పంచాంగం తెలియదు. ఆ తెలివిడి వాడే మనిషి చేర్చవలసిందే.

రెండవది : ఊరి పేరు చెరిగిపోవడం. ఈ అనుబంధం ఒకే రూపంలో ఉన్న క్వెరీలను ఒక్కటిగా చేర్చి లెక్కిస్తుంది. అందుకోసం వాటిలోని విలువలను తీసివేస్తుంది. 'అద్దంకి కార్యాలయం, ఫలానా సర్వే నంబరు' అని అడిగినా, 'ఒంగోలు కార్యాలయం, ఫలానా సర్వే నంబరు' అని అడిగినా పట్టికలో ఒకే వరసగా కనబడతాయి. మిగతా కార్యాలయాలన్నీ సజావుగా నడుస్తూ అద్దంకి ఒక్కటే మందగిస్తే, సగటు కొద్దిగా కూడా కదలకపోవచ్చు. చిన్న ఊరి ఇబ్బంది పెద్ద ఊళ్ల సౌఖ్యంలో కలిసిపోతుంది. సగటు అనే భావనలోనే ఈ అన్యాయం ఉంది. నిర్ణీత కాలం దాటిన క్వెరీలను విలువలతో సహా లాగ్‌లో రాయించుకొంటే ఈ లోటు కొంత తీరుతుంది.

మూడవది : అసలు పూర్తికాని పని లెక్కలోకి రాకపోవడం. ఒక క్వెరీ ఎంతకీ తెమలక సమయం మించి రద్దయిందనుకోండి. అటువంటి క్వెరీ ఈ పట్టికలో నమోదు కాదు. పూర్తయినవే చేరతాయి. అంటే 20 సెకన్లు ఆగి పని పూర్తిచేసుకొన్న మనిషి లెక్కలో ఉంటారు. 60 సెకన్లు ఆగి పని కాకుండానే వెనుదిరిగిన మనిషి లెక్కలో ఉండరు. అందరికంటె ఎక్కువ కష్టపడినవారు తప్పుకొంటే సగటు ఇంకా మెరుగుపడినట్లు కనబడుతుంది! రద్దయిన క్వెరీల సంఖ్యను దోషాల లాగ్ నుంచి విడిగా సేకరించి పక్కన పెట్టుకోనిదే ఏ సగటునూ నమ్మవద్దు.

7.5 వేచి ఉన్న కాలం : మెరుగైన ప్రశ్న

1990ల మొదట్లో వచ్చిన ఒరాకిల్ 7వ వెర్షన్‌లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. ఒక సెషన్ పని చేయకుండా ఆగినప్పుడల్లా దేని కోసం ఆగిందో, ఎంతసేపు ఆగిందో నమోదు చేయడం మొదలయింది. వీటిని 'వెయిట్ ఈవెంట్లు' అంటారు. 1999లో ఆన్యో కోల్క్, ఆయన సహచరులు దీని ఆధారంగా ఒక విశ్లేషణ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. 2003లో కేరీ మిల్సాప్, జెఫ్ హోల్ట్ రాసిన పుస్తకం దానిని మరింత పదునుపెట్టింది. ఆ ఆలోచన చాలా సరళమైనది.

స్పందన కాలం = పనిచేసిన కాలం + వేచి ఉన్న కాలం

ఈ సమీకరణం ప్రశ్నను మార్చింది. "యంత్రం ఎంత చురుకుగా ఉంది?" అనే ప్రశ్న పోయి, "ఈ మనిషి పని దేని దగ్గర ఆగింది?" అనే ప్రశ్న వచ్చింది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కార్యాలయంలో ప్రతి దస్తావేజుకూ వరస సంఖ్య ఇవ్వడానికి ఒక పట్టికలో ఒకే అడ్డువరస ఉందనుకోండి. దస్తావేజు నమోదు అయినప్పుడల్లా అందులోని సంఖ్య ఒకటి పెరుగుతుంది. ఒక ఉద్యోగి నమోదు మొదలుపెట్టి, సంఖ్య తీసుకొని, లావాదేవీ ముగించకుండా టీ తాగడానికి లేచి వెళ్లారు. ఆ అడ్డువరస మీద లాక్ అలాగే ఉంది. మిగతా కౌంటర్లలో నమోదులన్నీ ఆగిపోయాయి. ఇప్పుడు అంకెలు చూడండి. ప్రాసెసర్ ఖాళీ. డిస్క్ ఖాళీ. హిట్ నిష్పత్తి నూటికి దగ్గర. యంత్రం వైపు నుంచి చూస్తే ఇంతకంటె ప్రశాంతమైన ఉదయం లేదు. వేచి ఉన్న కాలం ఒక్కటే నిజం చెబుతుంది: అందరూ ఒక్క లాక్ కోసం ఆగి ఉన్నారు. దీనికి కావలసింది కొత్త సర్వర్ కాదు. సంఖ్య ఇచ్చే పనిని లావాదేవీ చివరకు జరపడం, ముగియని లావాదేవీకి కాలపరిమితి పెట్టడం చాలు.

ఇది ముందటి పద్ధతుల కంటె నిస్సందేహంగా గొప్పది. అయినా విమర్శకు అతీతం కాదు.

1. పేర్లు తప్పుదారి పట్టిస్తాయి. ఒరాకిల్‌లో 'డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్' అనే ఈవెంట్ ఉంది. పేరు వినగానే పట్టికను మొదటి నుంచి చివరిదాకా వరసగా చదువుతున్నదేమో అనిపిస్తుంది. నిజానికి అది ఎక్కువగా ఇండెక్స్ ద్వారా ఒక్కొక్క బ్లాకు చదివేటప్పుడు వచ్చేది. పట్టిక మొత్తం చదివేటప్పుడు సాధారణంగా వచ్చేది 'స్కాటర్డ్ రీడ్'. పేరును బట్టి అర్థం ఊహించుకోవద్దు.

2. క్షణచిత్రం చరిత్ర కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2016 నాటి 9.6 వెర్షన్ నుంచి ప్రతి సెషన్ ఇప్పుడు దేని కోసం ఆగి ఉందో కనబడుతుంది. కనబడేది ఆ క్షణపు స్థితి మాత్రమే. పదేపదే చూసి రాసుకొంటేనే చరిత్ర అవుతుంది.

3. అన్నిటికంటె ముఖ్యమైనది 'ఖాళీ' అనే ముద్ర. వినియోగదారు వైపు నుంచి తరవాతి ఆదేశం కోసం డేటాబేస్ ఎదురుచూసే కాలాన్ని ఒరాకిల్ ఖాళీ కాలంగా వర్గీకరించి పక్కన పెడుతుంది. డేటాబేస్ వైపు నుంచి చూస్తే అది న్యాయమే. కాని ఆ సమయంలో నెట్‌వర్క్ తెగిపోయి ఉండవచ్చు. మధ్యలో ఉన్న అప్లికేషన్ సర్వర్ మొరాయించి ఉండవచ్చు. అద్దంకి కౌంటరు ముందు నిలబడిన రైతు అప్పుడు కూడా వేచి ఉన్నారు. ఆయన నిరీక్షణను డేటాబేస్ 'ఖాళీ' అని రాసుకొంది. వేచి ఉన్న కాలాన్ని కొలుస్తానన్న పద్ధతి కూడా చివరికి డేటాబేస్ గడప దగ్గర ఆగిపోతుంది.

7.6 గడియారం ఎక్కడ మొదలుపెట్టాలి? : కార్డ్ చెప్పే పాఠం

ఈ గడప ప్రశ్న కంప్యూటర్ నిపుణులకు మాత్రమే పరిమితమైనది కాదు. మన రాష్ట్రంలోనే దీనికి ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

భూమి లెక్క రాసి పెట్టుకోవడం పాత అలవాటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కార్యాలయాలలో ఇండెక్సులు ఉంచాలి. మొదటి ఇండెక్స్ మనుషుల పేర్లతో, రెండవది ఆస్తుల వివరాలతో. డేటాబేస్‌లో మీరు నేర్చుకొన్న ఇండెక్స్ చేసే పనీ ఇదే: మొత్తం చదవకుండా కావలసిన చోటికి చేరడం. దస్తావేజులను చేత్తో పుస్తకాలలోకి ఎక్కించేవారు. ఈసీ కావాలంటే ఆ ఇండెక్సు పుస్తకాలను సంవత్సరాల వెంబడి తిరగేసేవారు. రోజులు పట్టేది.

1998లో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ 'కార్డ్' పేరుతో ఈ పనిని కంప్యూటరీకరించింది. రోజులు పట్టే రిజిస్ట్రేషన్ గంటలో పూర్తవుతుందనీ, ఈసీ నిమిషాలలో చేతికి వస్తుందనీ ప్రకటించారు. పాత కాలం ఒక వరసలో, కొత్త కాలం మరో వరసలో చూపే పట్టికలు దేశవిదేశాల నివేదికలలోకి ఎక్కాయి. ఈ-గవర్నెన్స్ విజయగాథలలో కార్డ్ పేరు నిలిచింది.

2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఒక వ్యాసం ప్రచురించి ఈ చిత్రాన్ని ప్రశ్నించారు. కార్డ్ పైకి కనిపించే ముఖభాగమే అనే అర్థం వచ్చే మాటను శీర్షికలోనే పెట్టారు. కంప్యూటర్ వచ్చినంత మాత్రాన పౌరునికి కార్యాలయంతో ఉండే సంబంధం మారిపోలేదనీ, అవినీతి తొలగలేదనీ ఆయన వాదన.

ఇద్దరిలో ఎవరిది నిజం? ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పవద్దు. చేత్తో ఎక్కించే పని పోయి, పుస్తకాలు తిరగేసే పని తగ్గినప్పుడు ఆ మేరకు కాలం ఆదా అయిందని ఒప్పుకోవాలి. యంత్రం చేసిన మేలు నిజమైనదే. కాని పౌరుని దృష్టిలో పని ఎప్పుడు మొదలవుతుంది? దస్తావేజు రాయించుకోవడానికి లేఖరిని వెతుక్కొన్నప్పుడు మొదలవుతుంది. స్టాంపులు, సాక్షులు, పిలుపు కోసం ఎదురుచూపు, మధ్యలో ఎవరికో ఇవ్వవలసి వచ్చిన డబ్బు, ఇవన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. కార్యాలయం గడియారం దస్తావేజు కౌంటరు దాటాక మొదలయితే ఇవేవీ దానికి కనబడవు. రెండు గడియారాలు రెండు చోట్ల మొదలయ్యాయి. అందుకే అంకెలు కలవలేదు.

కేస్లీ వ్యాసం డేటాబేస్ వేగం గురించి రాసినది కాదు. దానిని ఆ విధంగా వాడుకోవడం తప్పు. మనం దాని నుంచి తీసుకొనే పాఠం కొలతల హద్దు గురించి మాత్రమే. ఒక సేవ బాగుపడిందని చెప్పే ప్రతి అంకెనూ 'గడియారం ఎక్కడ మొదలయింది, ఎక్కడ ఆగింది, ఎవరి చేతిలో ఉంది?' అని అడగాలి. ఈ ప్రశ్న 0.3 సెకను సగటుకూ వర్తిస్తుంది, 'గంటలో రిజిస్ట్రేషన్'కూ వర్తిస్తుంది.

7.7 సేకరణకు ఒక క్రమం

పై విమర్శలన్నిటినీ దృష్టిలో పెట్టుకొంటే గణాంకాల సేకరణకు ఈ క్రమం సముచితంగా ఉంటుంది.

1. ముందు ఒక పనిని ఎన్నుకోండి. 'డేటాబేస్ ఎలా ఉంది?' అని కాక, 'అద్దంకి కౌంటరులో ఈసీ తీయడానికి ఎంతసేపు పడుతున్నది?' అని అడగండి.
2. ఆ పనిని మనిషి వైపు నుంచి గడియారంతో కొలవండి. కొన్నిసార్లు కొలిచి, సగటుతో పాటు అన్నిటికంటె ఎక్కువ పట్టిన కాలాలను కూడా రాయండి.
3. అదే వ్యవధికి డేటాబేస్ రీడింగులు రెండు తీసి తేడా కట్టండి. మొత్తం కాలంలో డేటాబేస్ వాటా ఎంతో తేలుతుంది. వాటా తక్కువయితే డేటాబేస్‌ను సరిచేసి ప్రయోజనం లేదు.
4. వాటా ఎక్కువయితే అది పనిచేసిన కాలమా, వేచి ఉన్న కాలమా అని విడదీయండి. పనిచేసిన కాలమైతే క్వెరీ ఎన్నుకొన్న మార్గాన్ని, డేటా గణాంకాల తాజాతనాన్ని చూడండి. వేచి ఉన్న కాలమైతే దేని కోసమో చూడండి.
5. రద్దయిన పనులను విడిగా లెక్కించండి.
6. ఒక్క మార్పు చేసి, పోల్చదగిన రోజున తిరిగి కొలవండి.

సేకరణకు కూడా ఖర్చుంటుంది. ప్రతి క్వెరీనీ ప్రతి వివరంతో లాగ్‌లో రాయించితే ఆ రాత పనే డిస్క్‌కు భారమవుతుంది. ఒరాకిల్‌లో ఏడబ్ల్యూఆర్ నివేదికలు వాడుకోవడానికి విడిగా లైసెన్సు కావాలి. పైగా లాగ్‌లో విలువలతో సహా రాసినప్పుడు మనుషుల పేర్లు, భూమి వివరాలు కూడా అందులోకి వస్తాయి. వాటిని ఎవరు చూడవచ్చో ముందుగానే నిర్ణయించాలి. అవసరమైన కాలానికి, అవసరమైన పనికి మాత్రమే లోతైన సేకరణ చేయడం మంచిది.

మీలో కొందరు బ్యాంకుల్లో, సచివాలయాల్లో, మీసేవ కేంద్రాల్లో ఉద్యోగం చేస్తూ చదువుకొంటూ ఉండవచ్చు. 'సర్వర్ స్లో' అనే మాటను రోజూ వినేదీ, చెప్పవలసి వచ్చేదీ మీరే. ఏ పని, ఏ వేళలో, ఎంతసేపు ఆగిందో ఒక పుస్తకంలో వారం రోజులు రాసిపెడితే అది ఏ ఖరీదైన సాధనానికీ దొరకని గణాంకం. నిర్వాహకునికి అది ఎంతో ఉపయోగపడుతుంది. లేకపోతే నింద కౌంటరులో కూర్చొన్నవారి మీద పడుతుంది, డబ్బు అవసరం లేని యంత్రం మీద ఖర్చవుతుంది, క్యూ మాత్రం అలాగే ఉంటుంది.

7.8 సారాంశం

డేటా స్వరూపాన్ని తెలిపే గణాంకాలు, పని నడకను తెలిపే గణాంకాలు వేరువేరు. మొదటివి పాతబడితే క్వెరీ మార్గం తప్పుతుంది. హిట్ నిష్పత్తి అనవసరమైన పనిని కూడా మంచి పనిగా చూపుతుంది. సంచిత సగటు ఇటీవలి మందగమనాన్ని, చిన్న ఊరి ఇబ్బందిని, రద్దయిన పనిని కనబడనీయదు. వేచి ఉన్న కాలాన్ని కొలిచే పద్ధతి వీటన్నిటి కంటె మెరుగైనది. అయినా డేటాబేస్ గడప దాటి చూడలేదు. కార్డ్ గురించి జరిగిన వాదం కూడా కొలత ఎక్కడ మొదలవ్వాలి అనే ప్రశ్ననే మన ముందుంచింది. కాబట్టి ఏ గణాంకాన్నయినా దాని కోసం వేచి ఉన్న మనిషి అనుభవంతో సరిపోల్చి చూడాలి.

7.9 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒక క్వెరీ 1,000 సార్లు నడిచింది. 990 సార్లు 0.02 సెకను చొప్పున, 10 సార్లు 30 సెకన్ల చొప్పున పట్టింది. సగటు ఎంత? ఆ సగటు ఎవరి అనుభవాన్ని తెలుపుతున్నది?
2. 6,00,000 అడ్డువరసలున్న పట్టికలో సాధారణ అమరిక ప్రకారం ఎన్ని మార్పులు దాటితే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ స్వయంగా గణాంకాలు సేకరిస్తుంది?

జవాబులు
1. 19.8 + 300 = 319.8 సెకన్లు. సగటు సుమారు 0.32 సెకను. అది ఎవరి అనుభవమూ కాదు. 990 మందికి పని అంతకంటె ఎంతో త్వరగా అయింది, 10 మంది దానికి తొంభై రెట్లకు పైగా వేచి ఉన్నారు.
2. 60,000 + 50 = 60,050.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో జవాబులు రాయండి.
1. 'హిట్ నిష్పత్తి పెరగడం పనితీరు మెరుగుపడిందనడానికి రుజువు కాదు' – సోదాహరణంగా చర్చించండి.
2. వేచి ఉన్న కాలాన్ని కొలిచే పద్ధతిని విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో జవాబులు రాయండి.
1. సంచిత లెక్కల నుంచి ఒక గంట పనితీరును ఎలా రాబడతారు?
2. రద్దయిన క్వెరీలను విడిగా ఎందుకు లెక్కించాలి?
3. మీ ఊరిలోని ఏదైనా ఒక సేవను ఎన్నుకొని, దాని కాలాన్ని కొలవడానికి గడియారం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతారో కారణాలతో రాయండి.